సంకర విత్తనముల బలము: దాని కారణము, దాని మేర

మదనపల్లె, పుంగనూరు, పలమనేరు వైపుల టమాటా సాగుచేయు రైతులు తఱచుగా వేయు ప్రశ్న యొకటి కలదు. అధికమైన వెల యిచ్చి కొన్న సంకర విత్తనము చక్కగా కాసినది గదా, ఆ పండ్లనుండి తీసిన గింజలనే మఱుసటి కారున ఏల నారుపోయరాదు అనునదియే ఆ ప్రశ్న. అది న్యాయమైన ప్రశ్న. కొనవలదనియో, కొనుమనియో చెప్పుటకంటె కారణమును తెలుపుట మేలు.

ప్రతి మొక్కయందును ఒక్కొక్క గుణమునకు రెండేసి జన్యువులుండును. ఒకటి తల్లినుండియు, రెండవది తండ్రినుండియు వచ్చును. మొక్కజొన్నవంటి పైరును తన పుప్పొడితోనే పలుతరములు ఫలింపజేసినచో ఆ వంశము పొట్టియై, నీరసించును. 1908వ సంవత్సరమున అమెరికా దేశమున షల్ అను శాస్త్రజ్ఞుడు అట్లు నీరసించిన రెండు వేఱువేఱు వంశములను కలుపగా పుట్టిన సంతతి తల్లిదండ్రుల నిద్దఱిని మించి పెరుగునని వెల్లడించెను. దీనినే సంకర తేజ మందురు.

దీనికి మొదటి కారణము సులభముగా తెలియును. ఒక బావికి రెండు కపిలలు కట్టినచో, ఒకటి చెడినను రెండవదానిచే నీరు పాఱును. ఒక వంశమున చెడిన జన్యువునకు బదులు రెండవ వంశపు మంచి జన్యువు పని చేయును. రెండవ వంశపు లోపమును మొదటిది కప్పును.

రెండవ కారణము కొంత విచిత్రము. పూతకు సంకేతమిచ్చు పదార్థమును చేయు జన్యువొకటి టమాటాలో కలదు. అది రెండును మంచివైనచో గుబురు రకముల కొమ్మలు త్వరగా పెరుగుదల చాలించును. రెండును చెడినచో ఆకులే గాని పూవులు మిక్కిలి తక్కువ. ఒకటి మంచిదియు, ఒకటి చెడినదియు నైనచో సంకేతము కొంత తగ్గి, మొక్క మఱికొన్ని గుత్తులు వేసి ఎక్కువ కాయును. ఒక్క జన్యువు వలననే ఇంత భేదము కలుగునని 2010లో నిరూపింపబడెను.

మూడవది, జన్యువు మాఱకయే దాని పని మాఱుట. జన్యువుల మీదను, వాటిని చుట్టియుండు మాంసకృత్తుల మీదను కొన్ని రసాయనిక గుఱుతులుండును. ఏ జన్యువు ఎప్పుడు పనిచేయవలెనో, ఎప్పుడు అణగియుండవలెనో అవి నిర్ణయించును. ఆవ కుటుంబమునకు చెందిన అరబిడాప్సిస్ అను చిన్న మొక్క సంకరములలో రాత్రింబవళ్ల గతిని నడపు జన్యువులు కొన్ని ఈ గుఱుతుల మార్పుచే పగటివేళ మఱింత అణగియుండుటయు, తన్మూలమున ఆకుపచ్చదనమును పిండిపదార్థమును అధికమగుటయు 2009లో కనుగొనబడెను.

ఇక గింజ దాచుకొను మాట. సంకర మొక్క తన పుప్పొడితో ఫలించినప్పుడు, భేదించు జంటలలో సగమే మఱుసటి తరమున మిశ్రమముగా నిలుచును. వేఱువేఱుగా సంక్రమించు పది జంటలే భేదించునని తలంచినను, పదియు మిశ్రమముగా నుండు మొక్క 1024లో ఒకటి మాత్రమే. గింజలు మొలచును, కాయును. గాని ఒక మొక్క పొట్టి, ఒకటి పొడవు, ఒకదాని పండు మెత్తన, ఒకదానిది గట్టి. అట్టి సరకు మండీలో వెల పలుకదు. సంకర విత్తనము చేయుటకు పూవు పూవునకు కేసరములను గిల్లి చేతితో పుప్పొడి అద్దవలెను గనుక వెల అధికము. ఆ వెలలో కూలి యెంత, వర్తకుని లాభమెంత అనునది వేఱు మాట.

వేరుసెనగ కీ న్యాయము వర్తింపదు. దాని పూవు లోలోపలనే ఫలదీకరణము చెందును. ఒక్కొక్క చెట్టున గింజలు కొద్ది, ఎకరమునకు కావలసిన విత్తనము విస్తారము. కావున వర్తకమునకు చాలునంత సంకర విత్తనము చేయుట సాగదు. తిరుపతి ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానమున రూపొందిన నారాయణి, ధరణి రకములు స్థిరపడిన వంశములు. ఇతర రకములు కలియకుండ జాగ్రత్తపడినచో వాటి గింజను రైతు దాచుకొనవచ్చును. సంకర వేరుసెనగ యని హెచ్చు వెల యడుగువాని మాట నమ్మదగినది కాదు.

చెఱకు సంగతి వేఱు. చిత్తూరు బెల్లమునకు ఆధారమైన నేటి చెఱకు రకములు సంకరములే. కోయంబత్తూరు పరిశోధనాలయమున బార్బర్, టి. యస్. వెంకట్రామన్ గార్లు మెత్తని చెఱకును అడవి ఱెల్లుతో కలుపగా 1912లో కో 205 రకము పుట్టెను. చెఱకును గింజతో గాక ముచ్చెలతో నాటుదుము గనుక తల్లిగడలోని జన్యువుల కూర్పు చెదరదు, సంకర తేజము తఱుగదు. అయితే తల్లిగడలోని తెగులును అట్లే వచ్చును. ముచ్చెలకై కోసిన గడలలో కొన్నిటిని నిలువున చీల్చి చూడవలెను. ఎఱ్ఱబడిన కండలో అడ్డముగా తెల్లని మచ్చలు కనబడినచో అది ఎఱ్ఱకుళ్ళు తెగులు. ఆ తోటనుండి ఒక్క ముచ్చెయైనను నాటరాదు.