సెల్‌తో నడిచే మోటారు: నాలుగు అంచెలు

సికింద్రాబాద్: రాణిగంజ్ బజారుకు స్టార్టరు కొనడానికి వెళ్లే రైతులు ఒక సంగతి గమనించాలి. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు ఇచ్చినప్పుడు ఆటో స్టార్టర్లు తీసెయ్యమని ప్రభుత్వం కోరింది. కరెంటు వచ్చిందన్నదే వాటికి తెలుసు, బోరులో నీళ్లున్నాయో లేదో తెలియదు.

సెల్‌ఫోన్ స్టార్టరు తీరు వేరు. వస్తువులే ఇంటర్నెట్‌లో కబురు పంపే ఈ పద్ధతిని ‘ఇంటర్నెట్ ఆఫ్ థింగ్స్’ అంటారు. ఇందులో నాలుగు అంచెలుంటాయి.

1. పొలం: మోటారు లాగే కరెంటును, ఫేజులను, కొన్నింటిలో నేల తేమను సెన్సార్లు కనిపెడతాయి.

2. కబురు: పెట్టెలోని సిమ్ ఆ వివరాలను టవరుకు పంపుతుంది. 2జీ మాత్రమే పట్టే పెట్టెలో జియో సిమ్ పనిచేయదు.

3. లెక్క: దూరాన ఉన్న కంపెనీ కంప్యూటరు వాటిని దాచి లెక్క కడుతుంది.

4. చేయి: రైతు ఆ వివరాలు సెల్‌లో చూసి ఆన్, ఆఫ్ చేస్తాడు.

టవరు పోతే పై మూడు అంచెలూ అక్కరకు రావు. అప్పుడే బోరులో నీళ్లు అయిపోతే? నీళ్లు లేక ఉత్తగా తిరిగే మోటారు తక్కువ కరెంటు లాగుతుంది. అది పసిగట్టి ఆపే తెలివి పొలంలోని పెట్టెకే ఉండాలి. లేకుంటే మోటారు కాలి, వైండింగు ఖర్చు రైతు నెత్తిన పడుతుంది.

అందుకే, ‘సిమ్ తీసేసినా మోటారును ఆపుతుందా?’ అని అడిగి, చూపించమని, ఆ తర్వాతే డబ్బు కట్టండి.