బృందం పేరు ఎక్కడ ఆగిపోతుంది?

మాక్లూర్‌లో పెళ్లి బరాత్ సాగుతుంటే డీజే బండి మీద ‘డీజే టిల్లు’ టైటిల్ పాట మీరు వినే ఉంటారు. 2022 నాటి ఆ పాటకు బాణీ కట్టి పాడినవారు రామ్ మిరియాల. అంతకుముందు ఆయన హైదరాబాద్‌కు చెందిన ‘చౌరస్తా’ బ్యాండ్‌లో గాయకుడు.

బ్రిటన్‌లో రికార్డుల అమ్మకాన్ని బట్టి వారంవారం పాటల జాబితా వెలువడేది. 1962లో బీటిల్స్ ‘లవ్ మీ డూ’ అందులో 17వ స్థానం దాటలేదు. మరుసటి ఏడాదే వారి పాట మొదటి స్థానానికి చేరింది. జాబితాకెక్కింది మాత్రం నలుగురి ఉమ్మడి పేరే.

తెలుగులో పాటకు చాలాకాలం సినిమాయే రాజమార్గం. యూట్యూబ్ వచ్చాక చౌరస్తా వంటి బృందాలకు పక్కదారి దొరికింది. వారి ‘ఊరెళ్లిపోతా మామ’ పట్నం నుంచి సొంతూరికి మళ్లాలనుకునే మనిషి పాట. ఇంటికొకరు గల్ఫ్‌కు పోయిన మన పల్లెల్లో దాని అర్థం విడమరచి చెప్పనక్కరలేదు. 2021లో ‘జాతిరత్నాలు’ చిత్రంలోని ‘చిట్టి’ పాటతో రామ్ గొంతు ఊరూరా మోగింది. అయితే సినిమా తీసుకున్నది గొంతును, బృందాన్ని కాదు. ఈ తేడాను మన విమర్శకులు తగినంత పట్టించుకోలేదని నా అభిప్రాయం.

అభ్యాసం: మీ ఊరి బరాత్‌లో మోగిన పది పాటలు రాసుకోండి. వాటిలో ఎన్నింటిని పాడినవారి పేర్లు మీకు తెలుసు?