మంచి ఆటకి ముహూర్తం కుదరకపోతే

సంక్రాంతికి ఒకే నిర్మాత రెండు పెద్ద సినిమాలు వదలడం మనం చూసిందే. 2023లో మైత్రీ మూవీ మేకర్స్ వాళ్ళు బాలకృష్ణ 'వీరసింహారెడ్డి'ని జనవరి 12న, చిరంజీవి 'వాల్తేరు వీరయ్య'ని 13న విడుదల చేశారు. రెండూ ఆడాయి. పండగ సెలవుల్లో మనవాళ్ళు ఈ రోజు ఒకటి, రేపు ఇంకొకటి చూసేస్తారు కాబట్టి ఆ లెక్క కుదిరింది. వీడియో గేమ్‌ల విషయంలో ఇలాంటి లెక్కే వేసి, ఒక పెద్ద అమెరికన్ కంపెనీ తన చేతిలో ఉన్న మంచి ఆటని తానే దెబ్బ తీసుకుంది.

ఆ ఆట పేరు టైటాన్‌ఫాల్ 2. మాతో ఉంటున్న మా మరిది దీని గురించి మాట్లాడని ఆదివారం ఉండదు. "ఇంత బాగుంటే ఎందుకు అమ్ముడుపోలేదయ్యా?" అని ఒకసారి అడిగాను. "అదే వదినా, అన్యాయం!" అన్నాడు. అన్యాయం అనేది జవాబు కాదు కదా. బీఎస్సీ చదివిన బుద్ధి ఊరుకోక నేనే కూర్చుని చదివాను.

ముందు ఆట గురించి రెండు మాటలు. చేసింది రెస్పాన్ ఎంటర్‌టైన్‌మెంట్. కాల్ ఆఫ్ డ్యూటీ అనే పేరు మీ ఇంట్లో వినే ఉంటారు, దాన్ని మొదట తయారుచేసిన సంస్థ నుంచి బయటికొచ్చిన వాళ్ళు 2010లో పెట్టుకున్న స్టూడియో. అమ్మింది మాత్రం ఎలక్ట్రానిక్ ఆర్ట్స్, అందరూ ఈఏ అంటారు. కథలో జాక్ కూపర్ అనే మామూలు సైనికుడికి అనుకోకుండా బీటీ అనే పెద్ద మరమనిషి తోడవుతుంది. నాకు బాగా నచ్చింది ఒక పాడుబడిన ప్రయోగశాల ఘట్టం. చేతికున్న పరికరం మీట నొక్కితే చాలు, అదే గదిలో గతంలోకి వెళ్ళిపోతాం. ఇప్పుడు కూలిపోయి ఉన్న మెట్లు అప్పుడు బాగానే ఉంటాయి. అప్పుడున్న కాపలావాళ్ళు ఇప్పుడు ఉండరు. గాల్లో దూకుతూ ఒక కాలంలోంచి ఇంకో కాలంలోకి మారుతూ గోడలు పట్టుకోవాలి. మా మరిది ఆడుతుంటే నేను కూర వదిలేసి నిలబడి చూశాను. ఇలాంటిది ఊహించినవాళ్ళకి దండం పెట్టాలి. విమర్శకులూ అలాగే అన్నారు. సమీక్షల సగటు లెక్కగట్టే మెటాక్రిటిక్‌లో దీని ప్లేస్టేషన్ రూపానికి వందకి 89 వచ్చాయి.

ఇక ముహూర్తం సంగతి. ఆట విడుదలైంది 2016 అక్టోబర్ 28న. మలేషియాలో ఆ మర్నాడే దీపావళి. మా బ్రిక్‌ఫీల్డ్స్‌లో దీపావళి ముందురోజు జలాన్ తున్ సంబంతన్ మీద నడవాలంటే మురుకుల డబ్బాలూ పూలదండలూ చీరల బేరాలూ తప్పించుకుంటూ వెళ్ళాలి. అక్కడ ఒకే యజమాని పక్కపక్కనే రెండు మురుకుల బల్లలు పెట్టాడనుకోండి. బేరం పెరగదు, ఒక బల్ల దగ్గర కొన్నవాళ్ళు రెండో బల్ల దాటి వెళ్ళిపోతారు. ఈఏ చేసింది ఇదే. టైటాన్‌ఫాల్ 2 కంటే సరిగ్గా వారం ముందు, అక్టోబర్ 21న, మొదటి ప్రపంచ యుద్ధం నేపథ్యంలో బ్యాటిల్‌ఫీల్డ్ 1 వదిలింది. అదీ తన ఆటే, అదీ తుపాకుల ఆటే. వారం తర్వాత, నవంబర్ 4న, పోటీ కంపెనీ నుంచి కొత్త కాల్ ఆఫ్ డ్యూటీ వచ్చింది. అటూ ఇటూ రెండు కొండలు, మధ్యలో ఇది.

ఈఏ అధిపతి ఆండ్రూ విల్సన్ అప్పట్లో దీన్ని సమర్థించుకున్నారు. ఆయన లెక్కలో కొనేవాళ్ళు మూడు రకాలు: పెద్ద యుద్ధరంగం, వ్యూహం ఇష్టపడేవాళ్ళు ఒకటి కొంటారు, వేగం ఇష్టపడేవాళ్ళు రెండోది కొంటారు, మిగిలినవాళ్ళు రెండూ కొంటారు. కాగితం మీద బాగుంది. కానీ అరవై డాలర్ల ఆటని సినిమా టికెట్‌తో పోల్చలేం. ఒకటి కొంటే నెలల తరబడి ఆడతారు. వారం తిరగకుండా ఇంకో అరవై డాలర్లు ఏ ఇంట్లో అడిగినా ఏం జరుగుతుందో మనకి తెలీదా?

తేదీ ఒక్కటే కారణమంటే నేను ఒప్పుకోను. 2014లో వచ్చిన మొదటి భాగం మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్‌లకీ కంప్యూటర్‌కీ మాత్రమే ఇచ్చారు. ప్లేస్టేషన్ ఉన్నవాళ్ళ చేతికి అది రానే లేదు. మొదటి భాగం చూడనివాళ్ళకి రెండో భాగం పోస్టర్ చూపిస్తే ఆగుతారా? పైగా మొదటిదాంట్లో ఒంటరిగా ఆడుకునే కథే లేదు, అంతా ఆన్‌లైన్ పోటీలే. రెండోదాంట్లో చక్కటి కథ చేర్చారు సరే, కానీ 2016 ఆగస్టులో జనాన్ని ముందుగా ఆడి చూడమని ఇచ్చింది మళ్ళీ ఆ పోటీలనే. వంటలో అసలు రుచి ఏ గిన్నెలో ఉందో ఆ గిన్నె మూత తీయలేదన్నమాట.

నాకు అన్నిటికంటే ఆసక్తిగా అనిపించిన కారణం వేరు. పుస్తకమైతే ఆలస్యంగానైనా నోటిమాట మీద పుంజుకుంటుంది. ఆన్‌లైన్ ఆటకి ఆ వెసులుబాటు తక్కువ, ఎందుకంటే అందులో అవతలి ఆటగాళ్ళు కూడా సరుకులో భాగమే. ఫిజిక్స్ చదివినవాళ్ళకి శృంఖల చర్య గుర్తుండే ఉంటుంది. యురేనియం ఒక కనీస పరిమాణం ఉంటేనే చర్య తనంత తాను సాగుతుంది, అంతకి తగ్గితే మొదలై ఆరిపోతుంది. ఇక్కడా అంతే. మొదటి వారం జనం పల్చగా ఉంటే పోటీ కుదరడానికి ఎక్కువసేపు ఎదురుచూడాలి, విసుగొచ్చి ఇంకొందరు పోతారు, ఎదురుచూపు ఇంకా పెరుగుతుంది. నెల తిరగకుండానే బ్లాక్ ఫ్రైడేకి ధర బాగా తగ్గించారు. కొత్త మ్యాపులు ఉచితంగా ఇచ్చారు. అయినా 2017 మొదట్లో ఈఏ తన పెట్టుబడిదారులకి ఆట అనుకున్నంత అమ్ముడుపోలేదని చెప్పుకోవాల్సి వచ్చింది. అదే ఏడాది నవంబర్‌లో రెస్పాన్‌ని ఈఏ కొనేస్తున్నట్టు ప్రకటించింది.

పిల్లలున్న తల్లులకి ఈ కథ తర్వాతి భాగం ఎక్కువ అవసరం. 2019 ఫిబ్రవరి 4న ఇదే స్టూడియో ఇదే ప్రపంచంలో అపెక్స్ లెజెండ్స్ అనే ఆట ఉచితంగా వదిలింది. ముందస్తు ప్రచారం లేదు, ధర లేదు. వారంలో రెండున్నర కోట్ల మంది, నెలలో ఐదు కోట్ల మంది ఆడారు. జనం పల్చబడే సమస్య ఒక్క దెబ్బతో తీరింది. మరి డబ్బు? లోపల ఏముందో కొన్నాక గానీ తెలియని ప్యాకెట్లు, వేషాలు, ఆయుధాల మీద రంగులు. ఆ ఆగస్టులో ఐరన్ క్రౌన్ అనే ఈవెంట్‌లో ఒక అలంకారపు గొడ్డలి సంపాదించాలంటే మొత్తం దాదాపు 170 డాలర్లు అయ్యేది. గగ్గోలు పుట్టాక స్టూడియో క్షమాపణ చెప్పి అమ్మే పద్ధతి మార్చింది.

ఒకసారి డబ్బు కట్టి కొనుక్కుని, కథ పూర్తిచేసి పక్కన పెట్టే ఆట ఇంట్లో ఉంటే నాకు బెంగలేదు. ఉచితం అని వచ్చి వారానికో కొత్త వేషం చూపించేదాంతోనే గొడవ. మా పదమూడేళ్ళవాడు రింగిట్లు లెక్కపెడుతూ "అమ్మా, ఇది కేవలం రంగే" అంటాడు. రంగే అయితే ఎందుకురా అంటే మాట్లాడడు.

టైటాన్‌ఫాల్ 2 కూడా పెద్దవాళ్ళ ఆటే, అమెరికా రేటింగ్ ప్రకారం పదిహేడేళ్ళు నిండాలి. అందుకే మావాడికి ఇవ్వలేదు. 2020 నుంచి స్టీమ్‌లోనూ ఉంది, తగ్గింపు పెట్టినప్పుడల్లా కొత్తవాళ్ళు కొని, ఇన్నాళ్ళూ దీన్ని ఎలా చూడలేదా అని రాస్తుంటారు. మొదటి భాగాన్ని 2021 డిసెంబర్‌లో అమ్మకం నుంచి తీసేశారు. మూడో భాగం రాలేదు.