వరిగడ్డి పొగలో క్లోరిన్

కొయ్యకాళ్లను పొలంలోనే తగలబెట్టే బదులు గడ్డిని కరెంటు తయారీకి వాడుకోవడం మంచి పనే, అందులో రెండో మాట లేదు. అయితే కలపను కాల్చినట్టే గడ్డినీ కాల్చేస్తామంటే కుదరదు. కలపలో క్లోరిన్ నామమాత్రమే. వరిగడ్డిలో అది ఎండు బరువులో అర శాతం దాకా ఉంటుంది. అంటే టన్ను గడ్డికి 5 కిలోలు. కొంత నేల నుంచి, సాగునీటి నుంచి వస్తుంది, కొంత మనం చల్లే ఎరువు నుంచి. మ్యూరేట్ ఆఫ్ పొటాష్ అంటే పొటాషియం క్లోరైడే. పైరు బలానికి పొటాషియం వేస్తాం, దాని వెంటే క్లోరిన్ కూడా గడ్డిలోకి ఎక్కుతుంది.

వేడి తగిలినప్పుడు ఇది రెండు విడతల్లో బయటపడుతుంది. మొదటి విడతకు మంట కూడా అక్కర్లేదు. 200 డిగ్రీలు దాటగానే మొక్క కణాల గోడల్లోని పెక్టిన్ నుంచి మిథైల్ గుంపు విడిపోయి క్లోరైడ్‌తో కలుస్తుంది. అలా పుట్టేదే మిథైల్ క్లోరైడ్ వాయువు. గడ్డిలో కొద్దిగా ఉండే బ్రోమిన్ ఇదే దారిలో మిథైల్ బ్రోమైడ్ అవుతుంది. రెండూ ఓజోన్ పొరను తినేసేవే. మిథైల్ బ్రోమైడ్‌ను 1992లోనే మాంట్రియల్ ఒప్పందం కిందికి తెచ్చారు. గడ్డిని గాలి తగలకుండా 250–300 డిగ్రీల్లో వేయించి బొగ్గులాంటి ఇంధనంగా మార్చే పద్ధతికి ఇప్పుడు గిరాకీ పెరుగుతోంది. ఈ వాయువులు పుట్టేది సరిగ్గా ఆ వేడిలోనే. కాబట్టి అక్కడ వెలువడే వాయువులను గాలిలోకి వదలకుండా పట్టి, బాగా మండించి, శుద్ధి చేసి తీరాలి.

రెండో విడత 700 డిగ్రీల పైన. మిగిలిన పొటాషియం క్లోరైడ్ ఆవిరై, బాయిలర్ గొట్టాల మీద పేరుకుని ఉక్కును తినేస్తుంది. కొంత క్లోరిన్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంగా పొగగొట్టం దారి పడుతుంది. మంట సరిగా లేకపోతే, పొగ చల్లారే దశలో డయాక్సిన్లనే విష పదార్థాలూ తయారవుతాయి.

గోధుమ, బార్లీ గడ్డితో విద్యుత్ కేంద్రాలు నడిపే డెన్మార్క్‌లో దీనికి విరుగుడుగా వానను వాడుకున్నారు. కోసిన గడ్డిని పొలంలోనే వానకు వదిలేస్తే పసుపు గడ్డి బూడిదరంగుకు తిరుగుతుంది, క్లోరిన్ సుమారు 0.75 శాతం నుంచి 0.2కు దిగుతుంది. కాలిఫోర్నియాలో వరిగడ్డిని నీళ్లతో కడిగి చూస్తే 90 శాతానికి పైగా క్లోరిన్ పోయింది. పొలంలోనే తడిస్తే పొటాషియం తిరిగి నేలకే చేరుతుంది కూడా.

మన దగ్గర వానకు తడిసి నల్లబడ్డ గడ్డిని పశువులు ముట్టవు, దానికి ధర పలకదు. ఆరబెడితే బాయిలర్‌కు అదే మేలైన గడ్డి. గడ్డి కొనే కంపెనీలు తేమ, బూడిద చూసినట్టే క్లోరిన్ శాతాన్నీ చూసి ధర కట్టాలి.