విద్యాప్రాంగణంలో న్యాయం

తిక్కన సోమయాజి ఆంధ్రమహాభారత రచనను విరాటపర్వంతో ఆరంభించాడు. ఆ పర్వంలో మత్స్యదేశపు రాజు కొలువులో జరిగిన ఒక సంఘటన నేటి విద్యాసంస్థలకు సైతం పాఠం చెప్పగలది. అజ్ఞాతవాసంలో ఉన్న ద్రౌపది, సైరంధ్రి అనే పేరుతో సుదేష్ణాదేవి అంతఃపురంలో పరిచారికగా ఉంటుంది. రాణికి సోదరుడు, రాజ్యానికి సేనాపతి అయిన కీచకుడు ఆమెను వేధిస్తాడు. అతని ఇంటికి పోజాలనని ఆమె ఎంతగా వేడుకొన్నా రాణి వినక, మద్యం తెమ్మనే నెపంతో అక్కడికే పంపుతుంది. అతని బారి నుండి తప్పించుకొని ఆమె రాజసభకు పరుగెత్తుతుంది. సభాసదులు చూస్తూ ఉండగానే కీచకుడు ఆమెను తన్నుతాడు. ఆమె న్యాయం అడుగుతుంది. విరాటరాజు అతనిని దండించలేకపోతాడు. రాజ్యం ఆ సేనాపతి భుజబలం మీద నిలిచి ఉండటమే అందుకు కారణం.

సభలో దొరకని న్యాయం ఆ తరువాత నర్తనశాల చీకటిలో, భీముని చేతులలో వేరొక రూపం దాల్చింది. కథ అంతటితో ముగియలేదు. కీచకుని మరణానంతరం రాజు భయపడి, సైరంధ్రినే నగరం విడిచి పొమ్మని రాణి చేత చెప్పించాడు. దోషిని అడ్డుకోలేని కొలువు, మొరపెట్టుకొన్న స్త్రీని వెళ్ళిపొమ్మన్నది.

ఈ కథ మూడు ప్రశ్నలను మన ముందుంచుతుంది. వేధింపునకు గురైనవారు ఎవరితో చెప్పుకోవాలి? విన్నవారు బలవంతునికి వెరవకుండా తీర్పు చెప్పటం ఎలా? చెప్పుకొన్నందుకు బాధితులకు మరొక కష్టం రాకుండా కాపాడేదెవరు? మన దేశంలోని విశ్వవిద్యాలయాలలో లైంగిక వేధింపుల నివారణకు ఏర్పడిన నియమాలన్నీ ఈ మూడు ప్రశ్నలకు సమాధానం వెదకే ప్రయత్నాలే.

నియమాల పుట్టుక

1992లో రాజస్థాన్‌లోని ఒక గ్రామంలో, ప్రభుత్వ మహిళాభివృద్ధి కార్యక్రమంలో పనిచేస్తున్న ఒక సామాన్య స్త్రీ బాల్యవివాహాన్ని ఆపటానికి ప్రయత్నించింది. ఆ ఆగ్రహంతో కొందరు ఆమెపై సామూహిక అత్యాచారం చేశారు. ఉద్యోగధర్మాన్ని నిర్వర్తించినందుకే ఆమెకు ఈ అన్యాయం జరిగింది. పనిచేసేచోట స్త్రీకి రక్షణ కల్పించే చట్టమేదీ అప్పటికి లేదు. మహిళాసంఘాలు సుప్రీంకోర్టును ఆశ్రయించాయి. 1997 ఆగస్టు 13న వెలువడిన ఆ తీర్పును ‘విశాఖ తీర్పు’ అంటారు. ఇది మన సముద్రతీర నగరం పేరు కాదు. వ్యాజ్యం వేసిన వారిలో ఒక సంస్థ పేరు. పనిచేసే ప్రతిచోటా స్త్రీ అధ్యక్షతన ఫిర్యాదుల కమిటీ ఉండాలని, అందులో బయటి ప్రతినిధి కూడా ఉండాలని, పార్లమెంటు చట్టం చేసేవరకు ఈ మార్గదర్శకాలే చట్టంగా చెల్లుతాయని న్యాయస్థానం శాసించింది.

ఆ తీర్పు వెలుగులో కొన్ని విశ్వవిద్యాలయాలు ముందడుగు వేశాయి. ఢిల్లీలోని జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయం 1999లో ఒక కమిటీని నెలకొల్పింది. విద్యార్థులు ఎన్నుకొన్న ప్రతినిధులకు కూడా అందులో స్థానముండేది. 2017లో దాని స్థానంలో అంతర్గత ఫిర్యాదుల కమిటీ వచ్చింది. ఈలోగా, 2012 డిసెంబరులో ఢిల్లీలో కదులుతున్న బస్సులో ఒక విద్యార్థినిపై జరిగిన ఘోరం దేశాన్ని కదిలించింది. జస్టిస్ జె.ఎస్. వర్మ అధ్యక్షతన ఏర్పడిన కమిటీ 2013 జనవరిలో తన నివేదికను సమర్పించింది. విశాఖ తీర్పు ఇచ్చిన ధర్మాసనానికి నాయకత్వం వహించినది కూడా ఆయనే. అదే సంవత్సరం పనిచేసేచోట స్త్రీలపై లైంగిక వేధింపులను నిరోధించే చట్టాన్ని పార్లమెంటు ఆమోదించింది. 2013 డిసెంబరు 9న అది అమలులోకి వచ్చింది. ఉన్నత విద్యాసంస్థలకు ప్రత్యేకంగా విశ్వవిద్యాలయ నిధుల సంఘం, అనగా యూజీసీ, రూపొందించిన 2015 నిబంధనలు 2016 మే 2న ప్రకటింపబడ్డాయి.

వేధింపు అంటే ఏమిటి?

ఇష్టం లేని స్పర్శ, లైంగికమైన కోరిక కోరటం, అశ్లీలమైన మాటలు, అశ్లీల చిత్రాలు చూపటం, సైగలు – ఇవన్నీ చట్టం దృష్టిలో లైంగిక వేధింపులే. ఫోనులో పంపే సందేశాలకూ ఇది వర్తిస్తుంది. ‘మాట వింటే మార్కులు వేస్తాను, వినకపోతే పరిశోధన పూర్తి కానివ్వను’ అని ప్రత్యక్షంగా గాని, పరోక్షంగా గాని సూచించటం కూడా వేధింపే. చేసినవాడు ‘సరదాకు చేశాను’ అన్నంత మాత్రాన అది నేరం కాకపోదు. ఎదుటివారికి ఇష్టం లేకపోవటమే ఇక్కడ ప్రధానం. మౌనం అంగీకారమని భావించరాదు; గురుశిష్యుల మధ్య మౌనానికి భయమే కారణం కావచ్చును.

వేధింపునకు ఎక్కువగా గురయ్యేది స్త్రీలే. అయితే కొందరు పురుష విద్యార్థులు, ట్రాన్స్‌జెండర్ విద్యార్థులు కూడా దానికి గురవుతారని యూజీసీ నిబంధనలు గుర్తించాయి. అందరి ఫిర్యాదులనూ విద్యాసంస్థ పట్టించుకోవాలని నిర్దేశించాయి.

కమిటీ నిర్మాణం

మొదటి ప్రశ్నకు, రెండవ ప్రశ్నకు సమాధానం అంతర్గత ఫిర్యాదుల కమిటీ. దీనికి సీనియర్ అధ్యాపకురాలు అధ్యక్షత వహిస్తారు. విశ్వవిద్యాలయంలోనైతే ఆమె ప్రొఫెసర్ స్థాయికి తక్కువ కారాదు. ఇద్దరు అధ్యాపకులు, ఇద్దరు బోధనేతర ఉద్యోగులు, బయటి స్వచ్ఛంద సంస్థ నుండి ఒకరు సభ్యులుగా ఉంటారు. విద్యార్థులకు సంబంధించిన విషయమైతే, ప్రజాస్వామ్య పద్ధతిలో ఎన్నికైన ముగ్గురు విద్యార్థులు కూడా కూర్చుంటారు. మొత్తం సభ్యులలో కనీసం సగం మంది స్త్రీలై ఉండాలి.

ఇందులో ఎవరుండాలి అన్నదానికంటె ఎవరుండరాదు అన్నది మరింత గమనింపదగినది. వైస్‌ఛాన్సలర్, రిజిస్ట్రార్, డీన్‌లు, శాఖాధిపతులు వంటి ఉన్నత పాలనాధికారులు సభ్యులుగా ఉండరాదు. సంస్థ పేరుప్రతిష్ఠలను కాపాడే బాధ్యత కలిగినవారే నిజానిజాలు నిర్ణయించే స్థానంలో కూర్చుంటే, తెలియకుండానే త్రాసు ఒకవైపు మొగ్గుతుంది. విరాటుని ఇక్కట్టు అటువంటిదే. రాజ్యక్షేమం అనే పేరు పెట్టి ఆయన సత్యాన్ని చూడనట్లుండిపోయాడు. బయటి సభ్యులను చేర్చటంలోని ఉద్దేశం కూడా ఇదే.

విచారణ జరిగే తీరు

సంఘటన జరిగిన మూడు నెలలలోగా వ్రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. భయం వల్లనో, మరే కారణం వల్లనో ఆలస్యమైతే, కమిటీ ఆ కారణాన్ని నమోదు చేసి మరో మూడు నెలల గడువు ఇవ్వవచ్చు. బాధితులు శారీరకంగా, మానసికంగా ఫిర్యాదు చేయలేని స్థితిలో ఉంటే, బంధువులు, మిత్రులు, తోటి విద్యార్థులు వారి పక్షాన చేయవచ్చు.

ఫిర్యాదు అందిన ఏడు రోజులలో దాని ప్రతిని ఆరోపణకు గురైన వ్యక్తికి పంపుతారు. అతడు పది రోజులలో తన జవాబును, సాక్షుల వివరాలను సమర్పించాలి. విచారణ తొంభై రోజులలో ముగియాలి. పది రోజులలో నివేదిక సంస్థ యాజమాన్యానికి చేరాలి. అప్పీలు లేనట్లయితే ముప్పై రోజులలో యాజమాన్యం సిఫారసులను అమలుపరచాలి. సాక్షులను పిలిపించటానికి, పత్రాలు తెప్పించటానికి కమిటీకి సివిల్ కోర్టుతో సమానమైన అధికారముంది. ఉభయపక్షాల వారూ న్యాయవాదులను వెంట తెచ్చుకోరాదు. ఫిర్యాదు చేసినవారి పేరు గాని, ప్రతివాది పేరు గాని, సాక్షుల పేర్లు గాని బయటపెట్టరాదు.

మూడవ ప్రశ్నకు సమాధానం మధ్యంతర రక్షణ. విచారణ సాగుతున్నంతకాలం ఫిర్యాది కోరికపై ఆమెను గాని, ప్రతివాదిని గాని వేరొక విభాగానికి మార్చవచ్చు. ఆమెకు మూడు నెలల వరకు సెలవు ఇవ్వవచ్చు. ప్రతివాది అధ్యాపకుడైతే, ఆమె జవాబుపత్రాలు దిద్దకుండా, ఆమె పనిని మూల్యాంకనం చేయకుండా అతనిని నివారించవచ్చు. కలం పట్టిన చేయి కత్తి పట్టిన చేతికంటె భయంకరం కాగలదని ఎరిగినవారు చేసిన నియమమిది.

దోషం రుజువైతే ప్రతివాది ఉద్యోగి అయినప్పుడు సేవానిబంధనల ప్రకారం చర్య తీసుకొంటారు. విద్యార్థి అయితే గ్రంథాలయం, వసతిగృహం, ఉపకారవేతనం వంటి సౌకర్యాలు నిలిపివేయవచ్చు. కొంతకాలం ప్రాంగణంలోకి రానీయకపోవచ్చు. తీవ్రమైన నేరమైతే పేరు తొలగించవచ్చు. కౌన్సెలింగ్, సమాజసేవ వంటి సంస్కరణాత్మక శిక్షలూ ఉన్నాయి. కమిటీ విచారణ పోలీసు కేసుకు ప్రత్యామ్నాయం కాదు. 2024 జులై 1 నుండి అమలులో ఉన్న భారతీయ న్యాయసంహితలో 75వ సెక్షన్ లైంగిక వేధింపును, 78వ సెక్షన్ వెంటపడి వేధించటాన్ని నేరాలుగా పేర్కొన్నాయి. బాధితులు రెండు మార్గాలనూ అనుసరించవచ్చు.

ఇరువైపులా వినటం

న్యాయానికి రెండు చెవులుండాలి. గోవా విశ్వవిద్యాలయంలో విద్యార్థినులు 2009లో ఒక అధ్యాపకునిపై చేసిన ఫిర్యాదులు ఇందుకు నిదర్శనం. అక్కడి కమిటీ విచారణను అతివేగంగా నడిపింది. కొద్దిరోజుల వ్యవధిలోనే వరుసగా సమావేశాలు జరిపి ముగించింది. ఆ అధ్యాపకుడు ఉద్యోగం కోల్పోయాడు. తన వాదన వినిపించుకొనే తగిన అవకాశం అతనికి దక్కలేదని 2023 మే 12న సుప్రీంకోర్టు ఆ చర్యను రద్దుచేసి, విషయాన్ని మళ్ళీ కమిటీకే పంపింది. పదునాలుగేండ్లు గడిచాక ఫిర్యాదు చేసినవారికీ, ఆరోపణకు గురైనవానికీ తుది సమాధానం దొరకలేదు. తొందరపాటు వల్ల నష్టపోయేది నిందితుడు ఒక్కడే కాదని, సత్యం కోసం ఎదురుచూసేవారందరూ నష్టపోతారని ఈ కేసు తెలుపుతున్నది. అదే తీర్పులో, కమిటీలు సక్రమంగా ఏర్పడినవో లేవో పరిశీలించాలని ప్రభుత్వాలను, విశ్వవిద్యాలయాలను న్యాయస్థానం ఆదేశించింది.

దురుద్దేశంతో అబద్ధపు ఫిర్యాదు చేసినట్లు రుజువైతే చర్య తీసుకోవచ్చు. అయితే ఫిర్యాదును రుజువు చేయలేకపోవటం వేరు, అబద్ధమాడటం వేరు. సాక్ష్యం చాలనంత మాత్రాన ఫిర్యాదిని శిక్షించరాదని నియమం స్పష్టంగా చెబుతున్నది.

రక్షణ పేరిట బంధనం

కొన్ని సంస్థలు వేధింపులను అరికట్టటమంటే విద్యార్థినుల కదలికలను అరికట్టటమని భావిస్తాయి. సాయంకాలమే వసతిగృహం తలుపులు మూయటం, గ్రంథాలయానికి పోనీయకపోవటం ఇటువంటివే. విద్యార్థినుల భద్రతను సాకుగా చూపి, విద్యార్థులకు లేని ఆంక్షలు వారికి విధించరాదని యూజీసీ నిబంధనలు నిషేధించాయి. దీపాలు వెలిగించవలసినచోట తలుపులు మూయటం పరిష్కారం కాదు. దారిలో వెలుతురు, రాత్రివేళ బస్సు, శిక్షణ పొందిన భద్రతాసిబ్బంది – ఇవి కల్పించవలసినది సంస్థయే.

ఇంటర్మీడియట్ విద్యార్థులు తెలుసుకోవలసినది

జూనియర్ కళాశాలలు యూజీసీ పరిధిలోనివి కావు. అయినా అక్కడి విద్యార్థులు రక్షణ లేనివారు కారు. పదునెనిమిది ఏండ్లు నిండని బాలబాలికలందరికీ 2012 నాటి పోక్సో చట్టం వర్తిస్తుంది. నేరం జరిగిందని తెలిసినవారు ఎవరైనా పోలీసులకు తెలియజేయటం ఈ చట్టం ప్రకారం విధి, దాచిపెట్టటమే నేరం. తన కింద పనిచేసేవారి నేరాన్ని దాచిన సంస్థాధిపతికి ఏడాది వరకు శిక్ష పడవచ్చు. 2013 చట్టం ప్రకారం విద్యాసంస్థ కూడా పనిచేసేచోటే. యజమానిపైనే ఆరోపణ అయితే జిల్లాలోని స్థానిక కమిటీకి ఫిర్యాదు చేయవచ్చు.

పై తరగతులకు పోయినప్పుడు ఎదురయ్యే ర్యాగింగ్ విషయంలో తెలుగువారికి 1997లోనే ప్రత్యేక చట్టం వచ్చింది. ఆంధ్రప్రదేశ్ శాసనసభ చేసిన ఆ చట్టం ప్రకారం, ఫిర్యాదు అందినా చర్య తీసుకోని సంస్థాధిపతి ఆ నేరానికి ప్రేరకునితో సమానం. యూజీసీ 2009లో దేశమంతటికీ ర్యాగింగ్ నిరోధక నిబంధనలు చేసింది. ఆపదలో ఉన్నవారు బాలల సహాయానికి 1098, స్త్రీల సహాయానికి 181, అత్యవసరానికి 112 నంబర్లకు ఫోను చేయవచ్చు.

నియమాలు ఎన్ని ఉన్నా వాటికి ప్రాణం పోసేది మనుషులే. చాలాచోట్ల కమిటీ ఉన్నదన్న సంగతే విద్యార్థులకు తెలియదు. తెలిసినా చదువు పాడవుతుందని, ఇంట్లో వాళ్ళు మాన్పిస్తారని పెదవి విప్పరు. ఒక విద్యార్థిని తన బాధ చెప్పుకొన్నప్పుడు తోటివారు మొట్టమొదట వేసే ప్రశ్న ‘నీవు అక్కడికెందుకు వెళ్ళావు?’ అన్నదైతే, ఎంత గొప్ప చట్టమైనా నిష్ఫలమే. సైరంధ్రి తనంతట తానుగా కీచకుని ఇంటికి పోలేదు, పంపబడింది. సభలో ఆమె కోరినది జాలి కాదు, విచారణ. ఆనాటి సభ్యులలో ఒక్కరైనా లేచి రాజధర్మాన్ని గట్టిగా గుర్తుచేసి నిలబడి ఉంటే నర్తనశాల చీకటితో అవసరం లేకపోయేది. ఏ విద్యాలయంలోనైనా ఆ లేచి నిలబడే ఒక్కరు తోటి విద్యార్థే కావచ్చును.