ఎండకు బిగిసే గేరు వైరు

ఈ నెల ప్రశ్న జుబైల్ నుంచి వాట్సాప్‌లో వచ్చింది. పంపిన పాఠకుడిది జగిత్యాల దగ్గర పల్లె, పని జుబైల్ పారిశ్రామికవాడలో. గదికీ పనికీ మధ్య నాలుగు కిలోమీటర్లు. అల్యూమినియం సైకిల్, వెనక ఎనిమిది పళ్లచక్రాలు. "సార్, పొద్దుగాల ఐదున్నరకు పోయేటప్పుడు గేర్లు వెన్నలెక్క పడ్తయి. పగటీలి పన్నెండుకు వచ్చేటప్పుడు చైను కరకరమంటది, పక్కనున్న పెద్దదానికి రాస్కుంటది. చిన్నదాని మీదికి దించితె దిగదు. ఎండకేనా?"

సౌదీలో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడింటి వరకు ఆరుబయట ఎండలో పని చేయించకూడదు. అందుకే సరిగ్గా ఆ వేళకు అతను సైకిలెక్కుతాడు. రాత్రంతా గదిలో ఏసీ కింద ఉన్న సైకిల్, పొద్దుటి నుంచి నీడలేని గోడ పక్కన కాగుతూ ఉంటుంది.

నేను ఆలోచించకుండా జవాబు కొట్టేశాను: "ఎండకు వైరు సాగి వదులైంది. కొంచెం బిగించు." మర్నాడు కబురొచ్చింది. బిగించాడట. కరకర ఇంకా పెరిగిందట.

తప్పెక్కడో చూసే ముందు, గేరు సంగతి నాలుగు ముక్కల్లో. వెనక చక్రం దగ్గర వేలాడే ఆ చిన్న యంత్రం డీరైలర్. పేరుకు తగ్గట్టే చైనును ఒక పట్టా మీంచి తప్పించి పక్క పట్టా మీదికి నెడుతుంది. దాంట్లో ఒక స్ప్రింగు ఉంటుంది. అది ఎప్పుడూ చైనును చిన్న పళ్లచక్రం వైపే లాగుతుంటుంది. హ్యాండిల్ దగ్గర్నుంచి వచ్చే వైరు పెద్ద చక్రం వైపు లాగుతుంది. అంటే వైరు బిగిస్తే చైను పెద్దదాని వైపు జరుగుతుంది, వదిలితే చిన్నదాని వైపు. హెచ్, ఎల్ అని అక్షరాలున్న రెండు స్క్రూలు హద్దురాళ్లు మాత్రమే. చైను చివరి చక్రం దాటి పడిపోకుండా అవి ఆపుతాయి. మధ్య గేర్లలో కరకర వస్తే వాటిని తిప్పడం పొలంలో నీళ్లు సరిగ్గా పారడం లేదని గట్టు జరపడం లాంటిది. అయినా సైకిల్ షాపులో సగంమంది స్క్రూడ్రైవర్ ముందు పెట్టేది వాటి మీదే.

పూర్వం ఈ గొడవ లేదు. అసలు గేర్లనే వద్దన్న మహానుభావులున్నారు. టూర్ ద ఫ్రాన్స్ పందెం పెట్టిన హెన్రీ దెగ్రాంజ్, గేర్లు మార్చుకోవడం నలభై అయిదు దాటినవాళ్లకు తగిన పని అన్నట్టు రాసి, తన పందెంలోకి డీరైలర్‌ను ఏళ్ల తరబడి రానివ్వలేదు. 1937లో రానిచ్చారు. ఆ ఏడు గెలిచిన రోజర్ లాపెబీ సైకిలుకు డీరైలర్ ఉంది. తర్వాత కూడా చాలాకాలం మీటకు మెట్లుండేవి కావు. చెవిపెట్టి విని, కరకర ఆగేదాకా జరుపుకోవడమే. 1984లో జపాన్ కంపెనీ షిమానో మీటకు మెట్లు పెట్టి దాన్ని నిలబెట్టింది. ఒక టిక్కుకు ఒక చక్రం. రౌతు చెవి చేసే పని వైరు పొడవుకు అప్పగించేశారు. అప్పట్నుంచి వైరు అర మిల్లీమీటరు అటూ ఇటూ అయినా సైకిల్ సణుగుతుంది.

ఎందుకు సణగదు! షిమానో ఎనిమిది చక్రాల అమరికలో ఒక టిక్కుకు వైరు 2.8 మిల్లీమీటర్లు కదులుతుంది. డీరైలర్ దాన్ని 1.7 రెట్లు చేసి చైనును దాదాపు 4.8 మిల్లీమీటర్లు పక్కకు నెడుతుంది. చక్రానికీ చక్రానికీ దూరం అంతే మరి. చైను అంచుకూ పక్క చక్రానికీ మధ్య మిగిలే సందు మిల్లీమీటరుకు తక్కువే.

ఇప్పుడు ఎండ దగ్గరికి వద్దాం. వైరు ఉక్కు. ఒక డిగ్రీ పెరిగితే ఉక్కు తన పొడవులో పది లక్షల్లో 12 వంతులు పెరుగుతుంది. కాబట్టి వైరు సాగిన మాట నిజమే. నేను మరిచిపోయింది ఆ వైరును పట్టుకున్న సైకిల్ చట్రాన్ని. అది అల్యూమినియం. డిగ్రీకి 23 వంతులు పెరుగుతుంది, అంటే ఉక్కుకు రెట్టింపు దాకా. తొడుగు లేకుండా చట్రం వెంట పరుగెత్తే వైరు ముక్క 85 సెంటీమీటర్లు అనుకోండి. ఏసీ గదికీ గోడ పక్క ఎండకూ లోహంలో 30 డిగ్రీల తేడా అనుకోండి. వైరు 0.31 మిల్లీమీటర్లు పెరిగింది. దాని రెండు కొసల మధ్య చట్రం 0.59 పెరిగింది. వైరు సాగినా, దాన్ని కట్టిన గుంజలు అంతకన్నా దూరం జరిగాయి. 0.28 మిల్లీమీటర్ల మేర వైరు బిగిసింది! 1.7తో గుణిస్తే చైను పెద్ద చక్రం వైపు దాదాపు అర మిల్లీమీటరు జరిగింది. అతను మొదటి మాటలోనే చెప్పాడు కదా, పెద్దదానికి రాసుకుంటోందని. వినలేదు నేను.

ఎడ్లబండి చక్రానికి ఇనుప పట్టా తొడగడం చూసినవాళ్లు నాలాగా తప్పులో కాలెయ్యరు. పట్టాను పిడకల మంటలో ఎర్రగా కాలుస్తారు. అది పెరుగుతుంది, కర్రచక్రం పెరగదు. తొడిగి నీళ్లు పోస్తే బుస్సుమని బిగిసిపోతుంది. అక్కడ పనిచేసింది ఇనుము పెరగడం ఒక్కటే కాదు, రెండింటి పెరుగుదలలో ఉన్న తేడా. గడియారాల జాన్ హారిసన్ 1726 ప్రాంతంలో ఈ తేడాతోనే లోలకాన్ని దారికి తెచ్చాడు. ఇత్తడి కడ్డీలూ ఉక్కు కడ్డీలూ పక్కపక్కన పెట్టి, ఒకటి కిందికి పెరిగితే ఇంకొకటి పైకి పెరిగేట్టు అమర్చాడు. ఎండాకాలమైనా లోలకం పొడవు మారదు.

అదే లెక్కన చట్రం ఉక్కుదైతే వైరూ చట్రమూ కలిసి పెరుగుతాయి, ఏమీ కాదు. కార్బన్ చట్రం వేడికి పెరగదనే చెప్పాలి, కాబట్టి అక్కడ వైరు నిజంగానే వదులవుతుంది. నా మొదటి జవాబు కార్బన్ సైకిలు ఉన్నవాడికి పనికొచ్చేది. కానీ కార్బన్ సైకిళ్ల మీద సౌదీలోని అల్ ఉలా ఎడారిలో పందెం తొక్కే దొరలు చలికాలంలో వస్తారు, పైగా వాళ్ల గేర్లు మార్చేది మోటార్లు. లాగే వైరే ఉండదు.

ఇంకో అనుమానితుడు ఇసుక. తొడుగు లోపలికి దుమ్ము దూరితే వైరు తిరిగి జారదు, చైను చిన్నదాని మీదికి దిగడానికి మొరాయిస్తుంది. కానీ దుమ్ము పొద్దున ఐదున్నరకూ ఉంటుంది. సైకిల్ కుడివైపు పడి డీరైలర్‌ను మోసే హ్యాంగర్ వంగిందా? పొద్దున తిన్నగా ఉండి మధ్యాహ్నం వంగే హ్యాంగర్ లోకంలో లేదు.

ఏం చెయ్యాలంటారా? డీరైలర్ వెనక వైరు దూరే చోట చేత్తో తిప్పే చిన్న గొట్టం ఉంటుంది. దాన్ని లోపలికి, గడియారం ముల్లు తిరిగే వైపు, పావు చుట్టు చొప్పున తిప్పితే వైరు వదులవుతుంది. నేను బిగించమన్నదంతా ముందు విప్పించి, సైకిల్ బాగా కాగి ఉన్నప్పుడే ఇంకో పావు చుట్టు వదలమన్నాను. పొద్దున గేరు ఒక్క క్షణం ఆలస్యంగా ఎక్కినా, మధ్యాహ్నం కరకర తగ్గిందన్నాడు. చైనుకు నూనె దట్టించి ఇసుకను పిండిముద్దలా అంటించుకోవద్దని కూడా చెప్పాను. ఎవరూ వినరు ఆ మాట.

లెక్క సరిచూసుకుందామని, ఉక్కు చట్రం సైకిల్ అక్కడెవరి దగ్గరైనా ఉందా, మధ్యాహ్నం దాని గేర్లు ఎలా పడుతున్నాయో చూసి చెప్పు అని అడిగాను. "ఉంది సార్, మా రూములో కడపాయనది. ఎండైనా వానైనా దానికి ఏం కాదు" అన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఫోటో పెట్టాడు. వెనక ఒకటే పళ్లచక్రం.