నిమిషానికి ఆరు శ్వాసలు

పరీక్ష ఫలితాలు వచ్చేదాకా ఊపిరి బిగబట్టుకుంటాం. పాసయ్యామని తెలిస్తే 'హమ్మయ్య' అని ఊపిరి పీల్చుకుంటాం. తప్పామంటే నిట్టూరుస్తాం. మనసు మారితే శ్వాస నడక మారుతుందని మన నుడికారానికి ఎప్పుడో తెలుసు. మరి శ్వాస నడక మారిస్తే మనసు మారుతుందా? యోగం పట్టుకున్న కొస ఇదే.

ఇప్పుడు యోగా అంటే చాప పరిచి ఒళ్లు వంచడమే అనుకుంటున్నాం. పతంజలి యోగసూత్రాలు దాదాపు 195. వాటిలో ఆసనం గురించి వివరించేవి మూడే! శీర్షాసనం, మయూరాసనం లాంటి పేర్లు అందులో కనిపించవు. కదలకుండా, హాయిగా కూర్చోగలిగితే ఆయనకు చాలు. ఎనిమిది అంగాల్లో ఆసనం మూడోది. అంతకుముందే అహింస, సత్యం వంటి యమాలు, శౌచం, సంతోషం వంటి నియమాలు ఉన్నాయి. ఆ తర్వాత ప్రాణాయామం, ప్రత్యాహారం, ధారణ, ధ్యానం, సమాధి. 15వ శతాబ్దపు హఠయోగ ప్రదీపిక వర్ణించిన ఆసనాలు కూడా పదిహేనే. నేటి తరగతుల్లోని భంగిమలు, వాటిని వరసకట్టి చేసే పద్ధతి చాలావరకు 1930లలో మైసూరు రాజభవనంలో తిరుమలై కృష్ణమాచార్య నేర్పిన విద్య నుంచి వ్యాపించాయి.

నాలుగో అంగమైన ప్రాణాయామం దగ్గర శరీరశాస్త్రానికి పని దొరుకుతుంది. గుండె కొట్టుకోవడం, అన్నం అరగడం మన మాట వినవు. ఊపిరి అలా కాదు. పట్టించుకోకపోతే తనంతట తాను సాగుతుంది, పట్టించుకుంటే చెప్పినట్టు వింటుంది. పీల్చినప్పుడు గుండె వేగం కాస్త పెరుగుతుంది, వదిలినప్పుడు తగ్గుతుంది. వేగస్ నాడి గుండెకు వేసే కళ్లెం నిశ్వాసంలో బిగుస్తుంది కాబట్టే ఇలా జరుగుతుంది.

స్వామి కువలయానంద 1924లో లోనావలాలో కైవల్యధామ స్థాపించి, యోగాన్ని ప్రయోగశాలలో పరీక్షకు పెట్టారు. 2001లో ఇటలీ వైద్యుడు లూసియానో బెర్నార్డి బృందం 23 మంది ఆరోగ్యవంతుల చేత లాటిన్ జపమాల ప్రార్థననూ, ఒక బౌద్ధ మంత్రాన్నీ వల్లె వేయించింది. మతాలు వేరైనా రెండింటిలోనూ శ్వాస నిమిషానికి ఆరుకు దిగింది. మామూలుగా విశ్రాంతిలో అది 12 నుంచి 20 వరకు ఉంటుంది. ఆరు అంటే పది సెకన్లకొక శ్వాస. మన రక్తపోటులోనూ సుమారు పది సెకన్లకోసారి ఒక చిన్న అల లేస్తుంటుంది. ఆ రెండు లయలూ కలిసినప్పుడు, రక్తపోటును కనిపెట్టి గుండె వేగాన్ని సర్దే యంత్రాంగం మరింత చురుగ్గా పనిచేస్తుంది.

అలాగని యోగాన్ని బీపీ మాత్రకు బదులుగా చూడకూడదు. నిదానించిన శ్వాస ఒక మెట్టు మాత్రమే. దాని మీద నిలబడి, బయటికి పరుగెత్తే ఇంద్రియాలను వెనక్కి మళ్లించాలి. మనసును ఒక్కచోట కట్టాలి, అక్కడే నిలపాలి. పతంజలి దృష్టిలో ఒంటి ఆరోగ్యం దారిలో దొరికేదే కానీ గమ్యం కాదు. చిత్తంలోని అలజడి సద్దుమణిగి, చూసేవాడు తన స్వరూపంలో నిలవడమే గమ్యం.

దాన్ని కొలిచే యంత్రం లేదు. నాడి ఎంత నెమ్మదించిందో చేతికి కట్టుకున్న గడియారం చెబుతుంది. కోపం ఎంత తగ్గిందో, మాట ఎంత నిజమైందో ఇంట్లోవాళ్లనే అడగాలి. పతంజలి మొదటి రెండు మెట్లూ అక్కడే వేశాడు.